హిమాలయ గ్రామాల ట్రెక్: బయల్దేరకముందే వదిలించుకోవాల్సిన అపోహలు

ఉత్తరాఖండ్‌లో ట్రెక్ లీడర్‌గా పనిచేస్తాను. నేను ఎక్కువగా నడిపించేది హర్ కీ దూన్ దారి. సాంక్రీలో మొదలై తాలూకా, గంగాడ్, ఓస్లా ఊళ్ల మీదుగా, సూపిన్ నదిని పట్టుకుని, దేవదారు అడవుల్లోంచి సుమారు 3,560 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎక్కాల్సిన శిఖరం లేదు, పట్టుకోవాల్సిన తాళ్లు లేవు. అందుకే మొదటిసారి హిమాలయాలకు వచ్చేవాళ్లు ఎక్కువగా ఇలాంటి దారినే ఎంచుకుంటారు. వాళ్లతో పాటు కొన్ని గట్టి నమ్మకాలు కూడా సాంక్రీ దాకా వస్తాయి. వాటిలో కొన్నిటికి నవ్వి ఊరుకోవచ్చు. కొన్నిటికి ఊరుకోలేం.

అపోహ: "రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాను, ఎత్తు నన్నేం చేస్తుంది?"

పరిగెత్తే అలవాటుంటే కాళ్లు తొందరగా అలసిపోవు, ఎక్కుడులో ఆయాసం తక్కువ. దాని ఉపయోగం అంతవరకే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుని మేం ఏఎంఎస్ అంటాం. 2,500 మీటర్లు దాటాక అది ఎవరికైనా రావొచ్చు. నిజం చెప్పాలంటే ఫిట్‌గా ఉన్నవాళ్లతోనే నాకు కష్టం ఎక్కువ. వాళ్లు అందరికన్నా ముందు పరిగెత్తుకెళ్లి, ఒంటికి సర్దుకునే టైమ్ ఇవ్వరు.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా ఒకటే, దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. పీల్చిన ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. దీనికి శరీరం అలవాటు పడుతుంది, కానీ రెండు మూడు రాత్రులు తీసుకుంటుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. ఇది వైద్యులు చెప్పే లెక్క. చాలా బృందాలు హర్ కీ దూన్ చూసి, అదే రోజు దిగొచ్చి కింది క్యాంపులో పడుకోవడానికి ఒక కారణం ఇదే. "అంత దూరం వెళ్లి పైన ఒక్క రాత్రి కూడా ఉండమా?" అని అడుగుతారు. ఉండం.

ఇక మందులూ చిట్కాలూ. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర లక్షణాలను కప్పేస్తుందని ఒక ప్రచారం ఉంది. అది కప్పేయదు, శరీరం సర్దుకోవడానికి సాయం చేస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కాకపోతే సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు కాబట్టి మీ డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి, పక్క టెంటు వాళ్లని అడిగి కాదు. కర్పూరం వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. మెడికల్ షాపుల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ క్యాన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని నమ్ముకుని పైకి వెళ్లడం కన్నా కొనకపోవడమే మంచిది. చలికి ఒక పెగ్గు అనేవాళ్లకు కూడా ఒక మాట. మందు తాగినా, నిద్రమాత్ర వేసుకున్నా రాత్రిపూట శ్వాస మందగిస్తుంది. మనకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

అపోహ: "గైడ్ ఉన్నాడు కదా, ఆయనే చూసుకుంటాడు"

నాకు అన్నిటికన్నా టెన్షన్ తెచ్చే నమ్మకం ఇది. మీ తలలో నొప్పి నాకు కనిపించదు. మీరు చెప్పాలి. చాలామంది చెప్పరు. డబ్బు పెట్టి, సెలవు పెట్టి వచ్చాం, నా ఒక్కడి వల్ల అందరూ ఆగిపోతారేమో అని మొహమాటం. సాయంత్రం డైనింగ్ టెంట్‌లో "ఎలా ఉంది?" అంటే అందరూ "సూపర్" అనేవాళ్లే. అప్పుడు నేను మొహాలు వదిలేసి ప్లేట్లు చూస్తాను. పొద్దున రెండు రోటీలు అడిగి వేయించుకున్న మనిషి రాత్రి పప్పు కెలుకుతూ కూర్చున్నా, వెలుతురు ఉండగానే స్లీపింగ్ బ్యాగ్‌లో దూరినా, షూ లేసు కట్టుకోవడానికి రెండు మూడుసార్లు తడబడినా నేను వెళ్లి పక్కన కూర్చుంటాను. ఆక్సీమీటర్ వేలికి పెడతాను గానీ అందులో కనిపించే అంకె ఒక్కదాన్నే నమ్మను. చేతులు చల్లగా ఉంటే అది కూడా తప్పు చూపిస్తుంది.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లడం లేదు. తగ్గకపోయినా, పెరిగినా దిగడమే. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటాను. తాగినవాడిలా తూలితే సమస్య మెదడు దాకా వెళ్లిందని అర్థం. ఆ రెండిటికీ తెల్లారేదాకా ఆగే పని లేదు, రాత్రయినా దించాలి. మొదటి రోజు తలనొప్పి చెప్పి ఒక పూట ఆగినవాళ్లలో చాలామంది తర్వాత హాయిగా నడుస్తారు. దాచినవాళ్లనే మోసుకుంటూ దించాల్సి వస్తుంది.

బీపీ, షుగర్, ఆస్తమా, పాత ఆపరేషన్లు కూడా ఇంతే. ఫారంలో "ఏమీ లేదు" అని రాసి, మూడో రోజు బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసేవాళ్లున్నారు. ముందే చెబితే రావొద్దంటారని భయం. చాలాసార్లు అనం. డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాం, నడక వేళలు మారుస్తాం, అంతే.

అపోహ: "మే, జూన్ అంటే ఎండాకాలం. స్వెట్టర్ ఒకటి చాలు"

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పడిపోతుంది. అది నిలకడగా ఉన్న రోజు లెక్క. గాలి, తడి కలిస్తే ఆ లెక్క పనిచేయదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ ట్రెక్‌కు వెళ్లిన 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. 9 మంది చనిపోయారు. కింద మైదానాల్లో అది మండు వేసవి.

జీన్స్, కాటన్ టీషర్టులు మానేయండి. చెమటకి తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. లావుపాటి జాకెట్ ఒకటి తెచ్చుకోవడం కన్నా లోపల తొందరగా ఆరే బట్ట, మధ్యలో ఫ్లీస్, పైన వానకూ గాలికీ ఆగే జాకెట్ నయం. వేడెక్కినప్పుడు ఒకటి విప్పొచ్చు. పొడి సాక్సులు ఒక జత ప్లాస్టిక్ కవరులో చుట్టి, పడుకునేటప్పుడు తప్ప బయటికి తీయకండి.

అపోహ: "ఫోన్లో మ్యాప్ ఉంది, అడవిలో దారి తప్పేదేముంది?"

మ్యాప్‌లో ఒక్క గీతే ఉంటుంది. అడవిలో గొర్రెలు నడిచిన బాటలు ఎన్నో ఉంటాయి, అన్నీ అసలు దారిలాగే కనిపిస్తాయి. పోయిన వర్షాకాలంలో వాగు కొట్టుకుపోయిన చెక్క వంతెనను ఈ ఏడాది ఊరివాళ్లు ఎక్కడ వేశారో ఆ గీతకు తెలియదు. వాళ్లను అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

ఇంకో సంగతి. అడవి అంటే మనుషులు లేని చోటని మనవాళ్ల ఊహ. ఉత్తరాఖండ్‌లోని ఈ గఢ్వాల్ ప్రాంతంలో అది ఊరి ఆడవాళ్లు పనిచేసే చోటు. బాంజ్ అనే ఓక్ చెట్ల ఆకు పశువులకు మేత, రాలిన ఆకు కొట్టంలో పరుపు, తర్వాత అదే ఎరువు. చమోలీ జిల్లా రేణీ గ్రామంలో 1974లో గౌరాదేవి, ఆమెతో వచ్చిన ఆడవాళ్లు చెట్లు నరకడానికి వచ్చినవాళ్లకు అడ్డం నిలబడ్డారంటే వెనక ఉన్నది ఈ బతుకే. వీపు మీద తన కన్నా పెద్ద గడ్డిమోపుతో దీదీ ఎదురొస్తే పక్కకు తప్పుకోవాల్సింది మనమే, ఫోన్ తీసి మొహం మీద పెట్టడం కాదు. అడిగితే కొందరు నవ్వుతూ నిలబడతారు, కొందరు వద్దంటారు.

కంచర గాడిదలు వస్తుంటే కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడండి. లోయ వైపు ఎప్పుడూ నిలబడొద్దు. వాటి వీపు మీది మూటలు రెండు పక్కలా బయటికి పొడుచుకుని ఉంటాయి, తమ వెడల్పు వాటికి తెలియదు. చీడ్ అనే పైన్ చెట్ల కింద సూదుల్లాంటి ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి, వాటిని పిరూల్ అంటారు. ఎండగా ఉన్న రోజున కూడా మంచుకన్నా దారుణంగా జారుతుంది. కాలు జారేది ఎక్కుడులో తక్కువ, దిగుడులోనే ఎక్కువ. కర్ర ఉపయోగం తెలిసేదీ, మోకాళ్లు మొర పెట్టేదీ, గోళ్లు కత్తిరించుకోకపోతే బొటనవేలు నల్లబడేదీ అప్పుడే. కొత్త షూతో నేరుగా రావొద్దని ఎన్నిసార్లు చెప్పినా ప్రతి బృందంలో ఒకరుంటారు.

అపోహ: "అడవిలో చిరుతలు మీద పడతాయి"

గుంపుగా మాట్లాడుకుంటూ పగలు నడిచేవాళ్ల దగ్గరికి చిరుత రాదు. పంట చేతికొచ్చే రోజుల్లో పొలాల వైపు దిగే ఎలుగుబంట్ల గురించి ఊరివాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు. చీకటి పడ్డాక టాయిలెట్ టెంట్ దాటి ఒంటరిగా తిరక్కపోతే చాలు. నిజానికి మీరు దూరం పాటించాల్సింది గొర్రెల మందల కాపలా కుక్కలకి. మెడకు ముళ్ల ఇనుప పట్టీ కనిపిస్తే అది చిరుత నుంచి గొంతు కాపాడుకోవడానికి వేసింది. బిస్కెట్ చూపించి దగ్గరికి వెళ్లకండి, కాపరిని పిలవండి.

అపోహ: "పాపం పేద ఊళ్లు, పిల్లలకు చాక్లెట్లు పంచాలి"

మంచి మనసుతోనే చేస్తారు. ఫలితం ఏమిటంటే, బడికి వెళ్లాల్సిన పిల్లలు దారి పక్కన "టాఫీ, టాఫీ" అంటూ చేతులు చాపుతారు. పళ్లు పుచ్చితే డాక్టర్ దగ్గరికి సగం రోజు నడిచి, మిగతా సగం జీపులో వెళ్లాలి. ఇవ్వాలనిపిస్తే కొనండి. రాజ్మా కొనండి, హోమ్‌స్టేలో ఉండండి, బురాంశ్ పూల రసం తాగండి. మండువా రోటీ అంటే మన రాగిరొట్టే, ఝంగోరా అంటే ఊదలు, భయపడక్కర్లేదు.

ఈ ఊళ్లలో చూడాల్సినవి చాలా ఉన్నాయి, అందరూ ఊరు దాటి మంచుకొండ ఎప్పుడొస్తుందా అని పరుగు. దేవదారు దుంగలూ రాళ్లూ కలిపి కట్టిన ఇళ్లు చూడండి. కింద పశువులు, పైన మనుషులు, పశువుల వేడి పైకి వస్తుంది. వాగు పక్కన ఘరాట్ కనిపిస్తే కాసేపు కూర్చోండి. అది నీటితో తిరిగే పిండిమర. చెక్క దోనెలోంచి నీళ్లు ఏటవాలుగా వచ్చి అడుగున అడ్డంగా ఉన్న చక్రాన్ని కొడతాయి, పైన రాయి తిరుగుతుంది. గింజలు పోసిన బుట్టకు ఒక పుల్ల వేలాడుతుంటుంది. అది తిరిగే రాయి మీద టకటకా కొట్టుకుంటుంటే ఆ అదురుకి గింజలు కొన్ని కొన్నిగా కిందికి జారతాయి. నీళ్లు ఎక్కువైతే రాయి వేగం పెరుగుతుంది, పుల్ల వేగంగా కొట్టుకుంటుంది, గింజలూ ఎక్కువ పడతాయి. కరెంటు లేదు, మీట లేదు.

గుడి అరుగు ఎక్కే ముందు, తలుపు ముట్టుకునే ముందు అడగండి. ఒక్కో ఊరికి ఒక్కో కట్టుబాటు ఉంది, పై ఊరిది కింది ఊరికి వర్తించదు. ఓస్లా గుడిని పర్యాటకులు "దుర్యోధనుడి గుడి" అని వెతుక్కుంటూ వస్తారు. ఊరివాళ్లు తమ దేవుణ్ణి సోమేశ్వరుడు అంటారు. వాళ్ల ముందు వాదన పెట్టుకోకండి.

అపోహ: "కొండ నీళ్లు, మినరల్ వాటర్ కన్నా శుభ్రం"

పైన గొర్రెలు మేస్తున్నాయి. మరిగించో, శుద్ధి చేసే బిళ్ల వేసో తాగండి. 3,500 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. క్రిములు చావడానికి ఆ వేడి చాలు, మూడు నిమిషాలు తెర్లనిస్తే సరి. అన్నం ఉడకడానికి మాత్రం చాలదు, అందుకే మా వంటవాడు ప్రెషర్ కుక్కర్ మోసుకొస్తాడు.

అపోహ: "పచ్చికబయలు ఖాళీగా ఉంది, టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చు"

చెట్లు ఆగిపోయాక మొదలయ్యే ఈ పచ్చికను బుగ్యాల్ అంటారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించింది, వచ్చేవాళ్ల సంఖ్య 200 దాటకూడదంది. మా వృత్తిలో చాలామందికి అది నచ్చలేదు. సరైన తీర్పనే నా అభిప్రాయం. ఏడాదిలో సగం మంచు కింద ఉండే గడ్డి అది, మట్టి పొర పల్చన. టెంట్ చుట్టూ వాన నీటికి తవ్విన కాలువ తర్వాతి ఏళ్లలో కోతగా మారుతుంది. తడి టిష్యూలు కూడా అక్కడ కుళ్లవు. ఒక జిప్ కవర్ తెచ్చుకుని, వాడినవన్నీ అందులో వేసి కిందికి పట్టుకెళ్లండి.

అపోహ: "ఏమైనా అయితే హెలికాప్టర్ వస్తుంది"

వాతావరణం బాగుండాలి, దిగడానికి చోటుండాలి, కబురు వెళ్లాలి. ఈ మూడూ ఒకేసారి కుదరడం అరుదు. మామూలుగా జరిగేది స్ట్రెచర్ మీద, కంచర గాడిద మీద, లేదా ఒక పోర్టర్ వీపు మీద దిగడం. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, కొండ మీది నుంచి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదవండి. విదేశంలో ఉన్న అబ్బాయి పంపాడని శాటిలైట్ ఫోన్ తెచ్చేవాళ్లు ఉంటారు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అది దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

సాంక్రీ దాటాక నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఫోన్ కలవదో ఇంట్లో రాసిచ్చి రండి, మా బేస్ క్యాంపు నంబరు కూడా ఇవ్వండి. మీరు దిగొచ్చాక మొదటి సిగ్నల్ దగ్గర అరగంట ఆపుతాను, మాట్లాడుకోవచ్చు.