సమన్లు తీసుకోకుంటే కేసు పోతుందా? అపోహలు - వాస్తవాలు

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ కోర్టుల్లో తిరిగే వకీలుగా చెప్తున్నా, కేసులో బలం లేక ఓడిపోయినోళ్ల కంటే సమన్లు చూసి భయపడి తప్పించుకుని ఓడిపోయినోళ్లను చూస్తే నాకు ఎక్కువ కడుపు మండుతుంది.

అపోహ: సంతకం పెట్టి తీసుకుంటేనే కేసు మనకు అంటుకుంటాది, తీసుకోకుంటే ఏం కాదు.

వాస్తవం: మా సైడు అన్నిటికన్నా ఎక్కువ కొంపలు ముంచేది ఇదే. అమీనా, అంటే సమన్లు అందించే కోర్టు మనిషి, ఊర్లోకి వచ్చినాడని తెలిస్తే చాలు, మనిషి వెనక తలుపు నుంచి చేనికి పోతాడు, ఇంట్లో వాళ్లేమో బెంగళూరు పోయినాడని చెప్తారు. సివిల్ దావాలో మీరు తీసుకోనంటే, ఆయన ఒక కాపీ తలుపుకు అంటించి, ఫలానా టైముకు అంటించినా, ఇల్లు చూపించింది ఫలానా మనిషి, ఎదురుగా ఉన్నది ఫలానా వాళ్లు అని రిపోర్టు రాసి కోర్టుకు ఇచ్చేస్తాడు. వాయిదా రోజు మీ పేరు పిలుస్తారు, పలికేవాళ్లు ఉండరు, ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తారు. ఆ తర్వాత అవతలోడు చెప్పిందే కోర్టు ముందుంటాది, డిక్రీ, అంటే తీర్పు, మీ మీద వస్తాది, దాన్ని అమలు చేయమని ఈపీ అనే పిటిషన్ వేసి పొలం జప్తుకు వచ్చినప్పుడు పరిగెత్తుకుంటా వస్తారు మా దగ్గరికి. డిక్రీ కొట్టేయమని అడగడానికి టైము 30 రోజులే, సమన్లు సరిగ్గా అందకుంటే మాత్రం తెలిసిన రోజు నుంచి లెక్క, కానీ ‘తీసుకోనన్నాడు’ అనే రిపోర్టు ఫైల్లో ఉంటే అందలేదని ఏ మొహం పెట్టుకుని వాదించాలి? అదే తీసుకున్నారనుకోండి, జవాబు వేసుకోడానికి 30 రోజులు చేతిలో ఉంటాయి, కారణం చూపిస్తే కోర్టు 90 దాకా పెంచొచ్చు. చెక్ బౌన్స్ కేసుల్లో కూడా అంతే, స్పీడ్ పోస్టు వద్దని తిప్పి పంపినా అందినట్టే లెక్క కట్టొచ్చు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు కథ వేరే, పాపం. మిరపకోతలకని ఇంటికి తాళం వేసి ఇంటిల్లిపాదీ గుంటూరు పోతారు, తలుపుకు అంటించిన కాగితం వీళ్లు తిరిగొచ్చే లోపల ఎండకు గాలికి ఊడిపోయి ఉంటాది. ఇట్లాంటోళ్లు నిజంగా ఊర్లో లేమని చూపించుకోవచ్చు, తెలిసిన వెంటనే పిటిషన్ వేయాల, అంతే. ముసలోళ్లను ఇంట్లో వదిలిపోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, కలిసుండే ఇంటోళ్లలో మేజరైన వాళ్లు ఎవరు తీసుకున్నా మీకు అందినట్టే కావచ్చు. క్రిమినల్ కేసుల్లో ముందు మగవాళ్లకే ఇయ్యాలని ఉండేది, సీఆర్‌పీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం బిఎన్ఎస్ఎస్‌లో ఆడవాళ్లకు ఇచ్చినా చెల్లుతాది. ఇంట్లో పనిమనిషికి ఇస్తే మాత్రం చెల్లదు.

అపోహ: సమన్లు వచ్చినాయంటే ముద్దాయి అయిపోయినట్టే.

వాస్తవం: సాక్షికీ సమన్లే వస్తాయి, ఏదో రికార్డు తెచ్చి చూపించమనీ వస్తాయి. కాగితంలో మీ పేరు పక్కన ఏం రాసిందో చదవండి ముందు. సివిల్ కేసులో సాక్షిగా పిలిస్తే పిలిపించినోళ్లు కోర్టులో బత్తా, అంటే మీ దారి ఖర్చులు, కట్టాల, అడిగి తీసుకోడానికి మొహమాటం ఎందుకు?

అపోహ: స్టేషన్ నుంచి ఫోన్ వస్తే అదే సమన్లు, ఎవరైనా పోవాల్సిందే.

వాస్తవం: సాక్షిగా విచారించాలంటే పోలీసులు రాతపూర్వకంగా పిలవాల, అది కూడా వాళ్ల స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో ఉండేవాళ్లను. ఆడవాళ్లను, 15 లోపు పిల్లలను, 60 దాటినోళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నోళ్లను ఇంటి దగ్గరే అడగాల (బిఎన్ఎస్ఎస్ 179). ఆరోపణ ఉన్న మనిషికి అదే చట్టం 35(3) కింద పోలీసులు ఇచ్చే హాజరు నోటీసు వేరే, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, హాజరవుతూ ఉంటే మామూలుగా అరెస్టు చేయరు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అట్లని కోర్టు సమన్లు ఫోన్లో రావనుకోవద్దండీ, కోర్టు సీలు బొమ్మతో ఎలక్ట్రానిక్‌గా పంపే వీలు కొత్త చట్టంలో ఉంది.

అపోహ: వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ‘మీ మీద సమన్లు ఉన్నాయి, కాల్ కట్ చేయొద్దు’ అంటే నిజమే.

వాస్తవం: డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. కాల్ కట్ చేయండి, డబ్బులు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అపోహ: ఒక్క వాయిదా తప్పితే జైలే.

వాస్తవం: క్రిమినల్ కేసులో ఒంట్లో బాగలేకనో ఇంకేదో పనిబడో పోలేకుంటే వకీలు ఆ రోజుకి గైర్హాజరు పిటిషన్ వేస్తాడు, మామూలుగా ఒప్పుకుంటారు. ఏ కబురూ లేకుండా మానేస్తే అప్పుడు వారెంట్ వస్తాది, తర్వాత నాన్ బెయిలబుల్ వారెంట్ కూడా, దాన్ని రీకాల్, అంటే వెనక్కి తీసుకునేట్టు, చేయించుకోడానికి మళ్లీ కోర్టు చుట్టూ తిరగాల.

కాగితం అసలుదో కాదో డౌటుంటే కేసు నంబర్ గానీ ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సిఎన్ఆర్ నంబర్ గానీ ఈకోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడండి, వాయిదా తేదీ అక్కడే కనిపిస్తాది. వకీలును పెట్టుకునే స్తోమత లేకుంటే 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇంకొకటి, పోస్టులో వచ్చిన కవరు పారేసి లోపలి కాగితం ఒక్కటే తెస్తుంటారు చాలామంది, కవరు మీద పోస్టాఫీసు ముద్రలో ఉన్న తేదీతో కూడా మాకు పనుంటాది, దాన్ని కూడా పట్టుకొని రండి.