సెకండ్ హ్యాండ్ కంట్రోలరూ, ఆవకాయ జాడీ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. "మా వాడు పార్క్‌లేన్ వెళ్లి వీడియో గేములాడే ప్లేస్టేషన్‌కి సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ కొనుక్కొచ్చాడు. ఎంతమంది చేతులు మారిందో ఏమో, పట్టుకుంటే జిగటగా ఉంది. మా అత్తయ్యగారు పసుపు నీళ్లు చల్లమన్నారు. నేను శానిటైజర్ రాశాను. ఇప్పుడు ఇంకా జిగటగా తయారైంది. దీన్ని వాడనివ్వొచ్చా?"

వాడనివ్వొచ్చు. ముందు శానిటైజర్ సంగతి తేల్చేద్దాం. చేతుల శానిటైజర్‌లో ఆల్కహాల్‌తో పాటు చర్మం పగలకుండా గ్లిజరిన్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలో అది 1.45 శాతం. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, గ్లిజరిన్ మిగులుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని అలాగే తడితడిగా ఉంటుంది. చేతికి మంచిదే, ప్లాస్టిక్‌కి మాత్రం దుమ్ము పట్టే జిగురు. ఇక పసుపు. అందులోని కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి చల్లిన నీళ్లతో క్రిములకు వచ్చే నష్టం ఏమీ లేదు. తెల్ల కంట్రోలర్ అయితే మరకలు మాత్రం గ్యారంటీ. దిష్టి తీయాలనుకుంటే అట్టపెట్టెకు తీయమని అత్తయ్యగారికి చెప్పండి.

అసలు ఆ మురికి ఏమిటి? చేతి నూనె అని అందరూ అనుకుంటారు. కానీ అరచేతిలో నూనె గ్రంథులే ఉండవు. అరచేతులు, అరికాళ్లు తప్ప ఒంటి మీద దాదాపు అంతటా ఉంటాయి. అంటే కంట్రోలర్ మీది నూనె ఆటగాడి ముఖం నుంచి, తల నుంచి వచ్చింది. గోల్ మిస్సయినప్పుడల్లా నుదురు కొట్టుకుని, జుట్టు పీక్కుని, మళ్లీ బటన్లు పట్టుకున్నాడన్నమాట. మిర్చి బజ్జీ వాటా కూడా ఎంతో కొంత ఉంటుంది. అరచేయి సొంతంగా ఇచ్చేది చెమట ఒక్కటే, అదీ ధారాళంగా. అక్కడ చదరపు సెంటీమీటరుకు కొన్ని వందల స్వేద గ్రంథులుంటాయి. ఒంటి మీద మిగతా చోట్ల చెమట ప్రధానంగా వేడికి పడుతుంది. అరచేతికి టెన్షన్ చాలు. లై డిటెక్టర్ యంత్రం వేళ్లకు తీగలు చుట్టి కొలిచేది ఈ చెమటనే. ఏసీ గదిలో కూర్చుని ఆడినా పెనాల్టీ షూటవుట్‌లో కంట్రోలర్ తడవడానికి కారణం ఇదే.

చెమటలో దాదాపు 99 శాతం నీళ్లు. అవి ఆరిపోయాక ఉప్పు, యూరియా, లాక్టేట్ మిగులుతాయి. రాలిన చర్మకణాలు, నూనె, ఉస్మానియా బిస్కెట్ పొడి వాటితో కలిసి రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిసే సందులో నల్లటి గీతలా గట్టిపడతాయి. క్రిములకు కావలసినంత తిండి! మరి అవి అక్కడ లక్షల్లో పెరిగిపోవాలిగా?

పెరగవు. ఎందుకో మన ఆవకాయ జాడీకి తెలుసు. ఆవకాయలో ఊట ఉంటుంది, ముక్కల నిండా నీరుంటుంది, అయినా ఏడాది పాటు పాడవదు. నీరు ఉంది కానీ ఉప్పు దాన్ని పట్టేసుకుంది. పులుపు, నూనె తమ పని తాము చేస్తాయి కానీ పెద్దకాపు ఉప్పే. క్రిమి వాడుకోవడానికి వీలుగా ఎంత నీరుందో చెప్పే లెక్కను వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. చాలా బ్యాక్టీరియాలు 0.91 కంటే తగ్గితే పెరగలేవు. చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా (పొట్టిగా స్టాఫ్) మొండిది, 0.86 దాకా లాక్కొస్తుంది. ఉప్పు ఇక కరగనంతగా కరిగిన నీటికి ఈ లెక్క 0.75. అక్కడ దాని ఆటలు కూడా సాగవు. (ఇంటర్‌లో మా చేత బంగాళాదుంపకు గుంట తీయించి, చక్కెర నీళ్లు పోయించి ఆస్మాసిస్ చూపించారు. వంటింట్లో అదే పాఠం చెప్పే జాడీ ఒకటుందని ఏ మాస్టారూ అనలేదు.)

కంట్రోలర్ సందులో గీతకట్టిన మురికి కూడా ఒక చిన్న జాడీయే. దాని ఉప్పు గాలిలోని తేమతో లావాదేవీ నడుపుతూ ఉంటుంది. ఒక వస్తువు చుట్టూ ఉన్న గాలితో సర్దుకున్నాక, గాలిలో తేమ 60 శాతమైతే దాని వాటర్ యాక్టివిటీ 0.60, తేమ 80 శాతమైతే 0.80. రెండూ ఒకటే సంఖ్య. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో ఆ ఉప్పు ఎండిన రాయి. అదే ఆగస్టు తెల్లవారుజామున? ఉప్పుకు ఒక గడప ఉంది. తేమ 75 శాతం దాటగానే అది గాలిలోంచి నీళ్లు లాక్కుని తనంతట తనే కరిగిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చేది అందుకే. మన ఊళ్లో వానాకాలం పొద్దుటి తేమ 80 శాతం దాటడం మామూలే. అంటే ఆ గీత ఎవరూ ముట్టుకోకుండానే ఊట పట్టింది. తేమ ఇంకా పెరిగి 86 దాటితే ఊట పలచబడి, స్టాఫ్‌కు గేటు తెరుచుకుంటుంది. కొన్ని బూజులకైతే 0.75 కూడా ఎక్కువే. బీరువాలో తోలు బెల్టు మీద వానాకాలంలో లేచే తెల్లటి బూజు ఈ జాతిదే. ఇక జాడీలో తడి గరిటె పెట్టకూడదన్న అమ్మమ్మ చట్టం ఉంది కదా, దాన్ని ఉల్లంఘించేది చెమట చేతులు. ఒక మనిషి అప్పుడప్పుడు ఆడి పక్కన పెట్టే కంట్రోలర్ ఆరిపోతుంది. హాస్టల్లో షిఫ్టుల మీద ఆడేదానికి ఆరే తీరికే ఉండదు. అందుకే కొనేటప్పుడు ఎంత పాతది అని అడిగే కన్నా, ఎంతమంది వాడారు, ఎక్కడ పెట్టేవారు అని అడగండి.

పెరగలేని క్రిమి చచ్చిపోయిందని కాదు. స్టాఫ్ ఎండిన ప్లాస్టిక్ మీద వారాలు, ఒక్కోసారి నెలలు నిద్రపోగలదు. కరోనా లాంటి వైరస్‌లు అంత ఓపిక పట్టలేవు. కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద ప్రతి 7 గంటలకు దాదాపు సగమవుతుందని 2020లో కొలిచారు. మూడు రోజుల్లో పదిసార్లు సగమైతే వెయ్యింట ఒక వంతు మిగులుతుంది. కొన్న కంట్రోలర్‌ను మూడు రోజులు ముట్టకుండా పక్కన పెట్టడం పైసా ఖర్చు లేని వైద్యం. మైల మూడు రోజులేనని పెద్దవాళ్లు సంబరపడతారేమో, ఇది కాకతాళీయం.

తుడవడానికి ఏది వాడాలి? జగదీశ్ మార్కెట్‌లో రిపేరు చేసేవాళ్లు ఐపీఏ అంటారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వాళ్ల సీసాలో ఉండేది 99 శాతంది. క్రిముల మీద మాత్రం 70 శాతమే బాగా పనిచేస్తుంది. ఆల్కహాల్ క్రిమిని చంపేది దాని ప్రొటీన్ల మడతలు విప్పి పాడుచేసే. ప్రొటీన్ తన మడతలు విప్పుకోవాలంటే కదలాలి, కదలడానికి చుట్టూ కొంత నీరు కావాలి. నీరు లేని ద్రావకంలో అది బిగుసుకుపోయి ఉన్న ఆకారంలోనే నిలిచిపోతుంది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో జాక్స్, క్లిబనోవ్ పంది క్లోమం నుంచి తీసిన లైపేజ్ ఎంజైమును (అదీ ఒక ప్రొటీనే) దాదాపు నీరులేని ద్రావకంలో 100 డిగ్రీల వేడి దగ్గర ఉంచితే, అది చెడిపోకుండా గంటల తరబడి పనిచేసింది. మామూలు నీళ్లలో ఆ వేడికి వెంటనే పాడైపోయేది. పైగా 99 శాతంది చూస్తుండగానే ఎగిరిపోతుంది, క్రిమికి తగిలే సమయం తక్కువ. కాబట్టి పైతొడుగుకు 70 శాతంది వాడండి. విప్పి లోపలి సర్క్యూట్ తుడవాల్సి వస్తే 99, ఎందుకంటే అక్కడ నీరే శత్రువు.

దానికి ముందు సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. మురికి పొర కింద దాక్కున్న క్రిమికి ఆల్కహాల్ సరిగా అందదు. కంట్రోలర్ ఆఫ్ చేసి, టూత్‌పిక్‌తో సందులు గీకి, తర్వాత ఆల్కహాల్ గుడ్డతో అర నిమిషం తడిగా ఉండేలా తుడిచి ఆరనివ్వండి. నేరుగా స్ప్రే కొట్టకండి, బటన్ల పక్క నుంచి లోపలికి దిగుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ అసలు వద్దు, అందులోని అసిటోన్ ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

ఇంత చేశాక కూడా పిడి దగ్గరి రబ్బరు జిగురు వదలకపోతే, పాత యజమానిని తిట్టుకోకండి. మెత్తగా తగిలే పాలియూరెథేన్ పూతల్లో కొన్నింటిని గాలిలోని తేమే ఏళ్ల తరబడి విడగొడుతుంది. కొత్త డబ్బాలో దాచి ఉంచినా అంతే. అలాగే బొటనవేలితో తిప్పే స్టిక్ వదిలేసినా తెరమీద బొమ్మ ఒక పక్కకు నడుస్తుంటే, రిపేరువాళ్లు డ్రిఫ్ట్ అంటారు, అది చాలాసార్లు లోపలి కార్బన్ పట్టీ అరిగిపోవడం వల్ల. దుమ్ము వల్లయితే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, అరుగుదల పోదు. మార్పించాల్సి వస్తే హాల్ సెన్సర్ స్టిక్ దొరుకుతుందేమో అడగండి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, అందులో రాసుకుని అరిగే పట్టీ ఉండదు.