టైల్స్ సందుల్లో పాత గ్రౌట్‌ను మెషీన్‌తో తీయడం: అపోహలు - వాస్తవాలు

బాత్రూముల్లో, వంటింటి గట్టు దగ్గర టైల్స్ ఏళ్లు గడిచినా బాగానే ఉంటాయి. ముందు పాడయ్యేది వాటి సందుల్లో పెట్టిన గ్రౌట్. నల్లబడుతుంది, పొడిపొడిగా రాలుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా ఊడిపోతుంది. "గ్రైండర్ (గుండ్రటి బ్లేడ్ తిరిగే కోత మెషీన్) పెట్టి గీకించేసి కొత్తది పెట్టించెయ్యండి" అని ఎవరో ఒకరు చెబుతారు. మాట తప్పేం కాదు. కానీ అంత మాత్రమే తెలిసి మొదలుపెట్టిన ఇళ్లలో టైల్స్ అంచులన్నీ పెంకులు లేచిపోయి, చివరికి గోడ గోడంతా మార్చుకోవాల్సి రావడం నేను చూస్తూనే ఉన్నాను. టైల్స్ పని చేసేవాడిగా నాకు రోజూ వినిపించే మాటలివి. ఇల్లుగలవాళ్లకూ, కొత్తగా పనిలోకి వచ్చిన తమ్ముళ్లకూ పనికొస్తాయని రాస్తున్నాను.

అపోహ: గ్రౌట్ నల్లబడిందంటే తీసేయాల్సిందే

చాలా ఇళ్లలో ఆ అవసరం ఉండదు. ఆ నలుపు సబ్బు జిడ్డు, దాని మీద పెరిగిన బూజు. తెల్లటి పొరలైతే బోరు నీళ్ల ఉప్పు. స్క్రూడ్రైవర్ మొనతో సందులో ఒకసారి గీసి చూడండి. పైన గీత పడి లోపల గట్టిగా తగిలితే బ్రష్ పెట్టి శుభ్రంగా కడిగితే చాలు. ఇసుకలా రాలినా, మొన లోపలికి దిగినా, టైల్‌కీ గ్రౌట్‌కీ మధ్య వెంట్రుకవాసి చీలిక కనబడినా అప్పుడు తీయాలి.

పనిలో పనిగా ప్రతి టైల్‌నూ వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే దాని కింద సిమెంట్ పట్టు లేదన్నమాట. అలాంటి టైల్ మెషీన్ అదురుకే ఊడి రావచ్చు. ఊడకపోయినా, కాలు పడినప్పుడల్లా కదులుతూ కొత్త గ్రౌట్‌ను మళ్లీ చీలుస్తుంది. ముందు ఆ టైల్ సంగతి తేల్చుకోవాలి.

అపోహ: పాతది తీయకుండా పైన కొత్తది రాసేస్తే చాలు

పెట్టిన వారం బాగుంటుంది. తర్వాత పొరలుగా లేచిపోతుంది, ఎందుకంటే ఆ పల్చటి పూతకు పట్టు దొరికేది పాత జిడ్డు మీదే. టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకు పాతది తీయడం పద్ధతి. 9 మిల్లీమీటర్ల టైల్ అయితే 6 మిల్లీమీటర్లు. కొత్త గ్రౌట్ టైల్ పక్క అంచులను పట్టుకోవాలి, పాత గ్రౌట్ నెత్తిని కాదు.

అపోహ: నాలుగంగుళాల గ్రైండర్ ఉంటే పని అయిపోయినట్టే

పాడయిన పనుల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకంతో మొదలైనవే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదట సందు వెడల్పు కొలవాలి. మెషీన్ ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది. గ్రైండర్‌కు వేసే పల్చటి డైమండ్ బ్లేడ్ మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు, మామూలుగా షాపుల్లో దొరికేవి 2 దాకా ఉంటాయి. ఇప్పుడు స్పేసర్ (సందు సమానంగా రావడానికి టైల్స్ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్క) పెట్టి వేస్తున్న 3 మిల్లీమీటర్ల సందులో పల్చటి బ్లేడ్ నడిస్తే, అటూఇటూ ఒక మిల్లీమీటరు కూడా మిగలదు. నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగే బ్లేడ్ ఆ కాస్త జాగాలో చెయ్యి రవ్వంత వణికినా టైల్ గ్లేజును, అంటే పైనున్న మెరుపు పూతను లేపేస్తుంది.

ఇక మన పాత అపార్ట్‌మెంట్లలో గోడ టైల్స్ చాలావరకు పేపర్ జాయింట్లే. టైల్‌కు టైల్ ఆనించి, మధ్యలో వైట్ సిమెంట్ పులిమేశారు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు. సందు ఆ కార్డు అంత కూడా లేకపోతే అక్కడ గ్రైండర్ మాటే ఎత్తకూడదు. బ్లేడ్ పెడితే అది గ్రౌట్‌ను కాదు, రెండు టైల్స్ అంచులనూ కోస్తుంది. అలాంటిచోట విరిగిన యాక్సా బ్లేడు (ఇనుము కోసే రంపపు బ్లేడు) ముక్కకు గుడ్డ చుట్టి చేత్తో గీకడమే దారి. దాని మందం 0.6 మిల్లీమీటరు పైచిలుకు. విసుగు పుట్టే పనే, కానీ టైల్ మిగులుతుంది.

తర్వాత మూలలు. గుండ్రటి బ్లేడ్ గోడ మూలకు తగిలేసరికి దాని మధ్యభాగం ఇంకా రెండంగుళాల ఇవతల ఉంటుంది. పూర్తి లోతు దిగేది ఆ మధ్యభాగం కిందే. అంటే ప్రతి మూలలో చివరి రెండంగుళాల సందులో గ్రౌట్ సరిగా రాదు. దాన్ని లాగాలని మెషీన్‌ను వంచినప్పుడే పక్క గోడ టైల్‌కు అర్ధచంద్రంలా గాటు పడుతుంది. ఏ బాత్రూములో అయినా గ్రైండర్‌తో గ్రౌట్ తీశారో లేదో మూలలు చూస్తే తెలిసిపోతుంది. అక్కడ ఆసిలేటింగ్ మల్టీ టూల్ వాడాలి. దాని బ్లేడ్ గుండ్రంగా తిరగదు, అటూఇటూ సన్నగా అదురుతుంది. అందుకే ఎగిరిపడదు, మూల చివరిదాకా వెళుతుంది. నెమ్మదిగా సాగుతుంది, గ్రౌట్ గట్టిదైతే బ్లేడ్ త్వరగా అరుగుతుంది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. పేపర్ జాయింట్లు కాని గోడ టైల్స్‌కు నేను మొదటి నుంచి చివరిదాకా అదే వాడమంటాను. వెడల్పు సందులున్న ఫ్లోరింగ్‌కు మాత్రం గ్రైండర్ సుఖం.

ఏ మెషీన్ అయినా సందు మధ్యలో ఒక గీత తీయడం వరకే దాని పని. అంచులకు అంటుకుని మిగిలిన పల్చటి పొరను గ్రౌట్ రంపంతో చేత్తో లాగాలి. మధ్యలో ఖాళీ వచ్చాక అది సులువుగానే పగిలి వస్తుంది. అంచుదాకా మెషీనే తీయాలని చూసినచోటే పెంకులు లేస్తాయి. గట్టిగా నొక్కడం కూడా వద్దు. నొక్కితే బ్లేడ్ వేడెక్కి పక్కకు లాగుతుంది, మెషీన్ బరువు చాలు. సందు కనబడడం లేదని గ్రైండర్ గార్డు (బ్లేడ్ మీది కవచం) తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. సందులో ఇరుక్కున్న బ్లేడ్ ఎటు ఎగురుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

అపోహ: మూతికి కర్చీఫ్ కట్టుకుంటే దుమ్ము ఏమీ చేయదు

కంటికి కనబడే దుమ్ము కర్చీఫ్‌లో ఆగుతుంది. ఊపిరితిత్తులను పాడుచేసేది అది కాదు, అందులో కంటికి కనబడని సన్నటి సిలికా. గ్రౌట్‌లో కలిపే ఇసుకలో, టైల్ మట్టిలో అది ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. అమెరికాలో 2016 నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలిలో ఈ సిలికా సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. తలుపు మూసి ఉన్న చిన్న బాత్రూములో, దుమ్ము లాగే ఏర్పాటు లేకుండా గ్రైండర్ నడిపితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. మన కార్మిక భద్రతా చట్టంలో ఇది ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. కానీ ఇళ్లలో పనిచేసే మేస్త్రీకి ఆ చట్టం నీడ కూడా అందదు. ఆయాసం మొదలైతే "సిగరెట్ల వల్ల" అనుకుని వదిలేస్తారు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, మెషీన్ పక్కనే వ్యాక్యూమ్ పైపు, ఇవి లేకుండా మీ ఇంట్లో ఎవరినీ ఈ పని చేయనివ్వకండి. మాస్క్ మీరే కొనివ్వండి. గుబురు గడ్డం ఉంటే ఆ మాస్క్ పక్కల నుంచి గాలి దూరుతుందని కూడా చెప్పండి. పని ఆపాక కూడా సన్నటి దుమ్ము గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. పిల్లల్ని వెంటనే అటు వెళ్లనివ్వద్దు. పొడి చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడవాలి.

అపోహ: నీళ్లు పోస్తూ కోస్తే ఏ గొడవా ఉండదు

బయట రాళ్లు కోసేటప్పుడు ఆ పద్ధతి మంచిదే. బాత్రూములో మామూలు కరెంటు గ్రైండర్ మీద నీళ్లు పోయడం ప్రాణాలతో చెలగాటం. పైగా దుమ్మంతా బురదై సందులోకే దిగి గట్టిపడుతుంది, తీసిందే మళ్లీ తీయాలి. కావాలంటే స్ప్రే సీసాతో సందు ముందే కాస్త తడపండి, అదీ మెషీన్ ఆపినప్పుడే. లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి. నహానీ ట్రాప్‌కు (నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రానికి) గుడ్డ కుక్కడం మరవకండి. ఆ సిమెంట్ పొడి పైపులో గడ్డకడితే అది ఇంకో పని.

అపోహ: యాసిడ్ పోస్తే మెషీన్‌తో పనే లేదు

యాసిడ్ సిమెంట్ గ్రౌట్‌ను తింటుంది, నిజమే. పై పొరను గుల్ల చేసి వదిలేస్తుంది, అడుగుదాకా తీయదు. ఈలోగా కుళాయిల మెరుపు పోతుంది, మార్బుల్ ఉంటే మచ్చలు పడతాయి. అసలు చాలా ఇళ్లలో గ్రౌట్ అంత త్వరగా పాడవడానికి కారణం ప్రతి వారం యాసిడ్‌తో కడగడమే. దాంతో బ్లీచింగ్ పౌడర్ గానీ కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది చాలా ప్రమాదం.

అపోహ: గ్రౌట్ మారిస్తే కింది ఫ్లాట్‌లో చెమ్మ ఆగిపోతుంది

ఈ ఆశతోనే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి. సిమెంట్ గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపే వస్తువు కాదు. నీటిని ఆపాల్సింది టైల్స్ కింద చేసిన వాటర్‌ప్రూఫింగ్. అది దెబ్బతిన్నాక పైన ఎంత ఖరీదైన గ్రౌట్ పెట్టినా చెమ్మ తగ్గొచ్చేమో గానీ పోతుందని హామీ ఇవ్వలేం. ముందు కొన్నాళ్లు ఆ బాత్రూము వాడడం ఆపి చూడండి. నీళ్లు పోయకపోయినా కింద చెమ్మ పెరుగుతుంటే అది గోడలోని పైపు లైను, గ్రౌట్‌కు సంబంధం లేదు.

"లోతుగా తీస్తే గట్టిగా నిలుస్తుంది" అనే మాట కూడా ఇక్కడే ప్రమాదం. టైల్ మందం దాటి బ్లేడ్ దిగితే ఆ వాటర్‌ప్రూఫింగ్ పొరే తెగొచ్చు. ముఖ్యంగా నేల, గోడ కలిసే మూలలో. బ్లేడ్ మీద మార్కర్‌తో లోతు గీత పెట్టుకుని, అది దాటకుండా నడపాలి.

సిమెంట్ బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ గురించి ఒక్క మాట. "అది మెషీన్‌కు కూడా రాదు" అంటారు. వస్తుంది. కాకపోతే గ్రైండర్ వేగానికి వేడెక్కి మెత్తబడి బ్లేడ్‌కు జిగురులా చుట్టుకుంటుంది. హీట్ గన్‌తో కొద్దికొద్దిగా వెచ్చచేసి, మెత్తబడ్డ చోట మల్టీ టూల్‌తో గానీ చేత్తో గానీ లాగాలి. కిటికీ తెరిచి ఉంచాలి, ఆ పొగ పీల్చకూడదు. ఒకేచోట ఎక్కువసేపు వేడి పెడితే టైల్ చిట్లుతుంది.

అపోహ: తీసిన రోజే కొత్తది పెట్టేయొచ్చు

సందులోని పొడి మొత్తం వ్యాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడిచి, సందు లోపల టైల్ పక్క అంచు శుభ్రంగా కనబడాలి. సిమెంట్ గ్రౌట్ అయితే కొద్ది తడి ఉన్నా నడుస్తుంది. ఎపాక్సీకి చాలావాటికి పూర్తిగా ఆరాలి, నానిన బాత్రూము ఆరడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లో స్నానానికి ఇంకో ఏర్పాటు ముందే చూసుకోండి. నేల గోడ కలిసే మూలలో, గోడ గోడ కలిసే మూలలో మాత్రం మళ్లీ గ్రౌట్ నింపించకండి. అక్కడ గోడలు రవ్వంత కదులుతుంటాయి, గ్రౌట్ మళ్లీ చీలుతుంది. సాగే గుణమున్న శానిటరీ సిలికాన్ పెట్టించండి.