తక తక తక తకిట

వరసకు తొమ్మిది అక్షరాల తాళమంటే మూడు మూళ్లే కదా, 'బ్లూ రోండో ఆలా టర్క్' అనే జాజ్ రచనలో అంత వింతేముందని ఒక పాఠకుడు అడిగారు. వింతంతా ఆ తొమ్మిదిని విడగొట్టిన తీరులోనే ఉంది.

అమెరికన్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 1958లో ఇస్తాంబుల్ వీధి వాద్యగాళ్ల దగ్గర ఈ నడక విన్నాడు. మరుసటి ఏడాది 'టైమ్ అవుట్' ఆల్బమ్‌లో మొదటి ట్రాక్‌గా పెట్టాడు. మన జతుల్లో ఇట్టే పట్టుబడుతుంది: తక తక తక తకిట. మూడుసార్లు అనండి. నాలుగోసారి మాత్రం తకిట తకిట తకిట. మొత్తం 36 అక్షరాలు.

ఇప్పుడు ప్రతి ముక్క మొదట్లో చప్పట్లు కొట్టండి. మొదటి మూడు వరసల్లో నాలుగేసి చప్పట్లు, చివరి వరసలో మూడే. వరస నిడివి మాత్రం మారదు. నాకు మహా ఇష్టమైన సంగతి ఇది: వరస లోపల మూడు ముక్కలు ఒకలా ఉండి నాలుగోది మారుతుంది, వరసలు కూడా మూడు ఒకలా ఉండి నాలుగోది మారుతుంది. చిన్న కొలతలో ఉన్న ఆకారమే పెద్ద కొలతలోనూ ఉంది! మృదంగం నేర్చినవారు తకతక, తకతకిట అని విడదీసి 4+5 సంకీర్ణ చాపుగా (తొమ్మిది అక్షరాల తాళం) లెక్కపెట్టుకోవచ్చు. రెండో భాగం అచ్చంగా 2+3 ఖండ చాపే (అయిదు అక్షరాల తాళం).

అలవాటు లేని చెవిని తడబెట్టేది 'తకిట'. అది 'తక'కు రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు. 2005లో మనస్తత్వ పరిశోధకులు ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ ప్రచురించిన ప్రయోగాల్లో, ఇలాంటి బాల్కన్ (ఆగ్నేయ ఐరోపా) నడకలో తాళం తప్పినా ఉత్తర అమెరికా పెద్దలు సరిగా పోల్చలేకపోయారు. బల్గేరియా, మాసిడోనియా మూలాలవాళ్లు పోల్చారు. ఉత్తర అమెరికా ఆరు నెలల పసివాళ్లూ పోల్చారు! ఏడాది నిండేసరికి ఆ పిల్లల్లోనూ ఆ నేర్పు తగ్గింది, కానీ కొన్నాళ్లు ఆ సంగీతం వినిపిస్తే తిరిగొచ్చింది. పెద్దవాళ్లకు అంత సులువుగా రాలేదు. తాళజ్ఞానం పూర్వజన్మ సుకృతం అనే నమ్మకం మనలో ఇంకా బలంగా ఉంది. పిల్లల్ని 'నీకు లయ లేదు' అని పాఠం మాన్పించే గురువులు ఈ ఫలితాలు తప్పక చదవాలి.

ఇక రచన మధ్యలో తొమ్మిది పక్కకు తప్పుకుని మామూలు నాలుగు దెబ్బల బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీత బాణీ) వస్తుంది. ఒక్కసారిగా రాదు. రెండు వరసలు తొమ్మిది, రెండు వరసలు నాలుగు, ఇలా కాసేపు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మీకు బ్లూస్ ఎలాగో మాకు ఈ తొమ్మిది అలాగని ఇస్తాంబుల్ సంగీతకారులు తనకు చెప్పినట్టు బ్రూబెక్ గుర్తు చేసుకునేవాడు. ఆ రెంటినీ ఒకే రచనలో ఎదురెదురుగా నిలబెట్టాడు.