ఫ్యూజ్ కెమెరా కోసం కాదు, వైరు కోసం

పోయిన చలికాలం ఒక సోమవారం పొద్దున, హనుమకొండలో మా ఇంటి ముందు కారు సెల్ఫ్ కొడితే టకటకటక అని చప్పుడే తప్ప ఇంజన్ తిరగలేదు. అమ్మను కాజీపేటలో రైలెక్కించాలి, టైమ్ నలభై నిమిషాలే ఉంది. ఆటో మాట్లాడి ఆమెను పంపించేసి, బ్యాటరీకి మీటర్ పెట్టి చూస్తే 11.9 వోల్టులు. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపించాలి. ముప్పావు వోల్టు కూడా తగ్గలేదు కదా, దీనికే ఆగిపోవాలా అనిపిస్తుంది గానీ, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండటానికీ ఖాళీ కావడానికీ మధ్య ఉండే దూరమే దాదాపు అంత. 12కు దిగిందంటే లోపల పావు వంతు మిగిలినట్టు లెక్క.

ఆ టకటక ఎందుకంటే, సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, అంత లాగగానే నీరసంగా ఉన్న బ్యాటరీ వోల్టేజీ కుప్పకూలుతుంది, మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్ పట్టు వదిలేస్తుంది, వదలగానే లోడు పోయి వోల్టేజీ మళ్లీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదులుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు.

అసలు దొంగ ఎవరో నాకు అప్పుడే అనుమానమొచ్చింది. అంతకు ముందు వారమే ఒక షాపులో డాష్‌క్యామ్, అంటే ముందు రోడ్డును రికార్డు చేసే చిన్న కెమెరా, పెట్టించాను. సిగరెట్ లైటర్ సాకెట్లో ప్లగ్గు పెడితే గుంతల రోడ్ల మీద ఊడొస్తోందని, వైరు వేలాడుతోందని, లోపలి నుంచే లైన్ లాగమన్నాను. శుక్రవారం రాత్రి కారు పెట్టాక సోమవారం దాకా తీయలేదు. అంటే దాదాపు 60 గంటలు. కెమెరా 12 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు లాగినా 18 ఆంపియర్ అవర్లు పోయినట్టు. మా బ్యాటరీ మీద రాసి ఉన్నది 35, పైగా దానికి నాలుగేళ్లు నిండాయి కాబట్టి నిజంగా అంత ఉండదు. ఇంజన్ ఆగి ఉంటే నింపడానికి డైనమో కూడా తిరగదాయె.

తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే వచ్చి స్టీరింగ్ కింది ప్యానెల్ ఊడదీశాడు. తాళం దగ్గరికొచ్చే లావు వైరు, తాళం తీసినా ఎప్పుడూ కరెంటుండేది, దాని తోలు కాస్త గీకి, కెమెరా సన్న వైరును చుట్టి నల్ల టేపు వేశారు. అంతే. "ఫ్యూజ్ ఏదన్నా?" అంటే, "చిన్న కెమెరకు ఫ్యూజెందుకు తమ్మీ అనుకున్నట్టున్నరు" అని నవ్వాడు.

నవ్వే మాటే, కానీ చాలామంది అనుకునేదీ ఇదే. ఫ్యూజ్ కెమెరాను కాపాడదు. వైరును కాపాడుతుంది. ఆ లావు వైరుకు ముందు, ఇంజన్ దగ్గర పెద్ద ఫ్యూజ్ ఒకటి ఉంటుంది, నిజమే, కానీ అది లావు వైరు తట్టుకునేదాన్ని బట్టి పెట్టింది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 3 మీటర్లుంటే దాని నిరోధం 0.1 ఓమ్ వరకు ఉంటుంది. ఎక్కడో రేకు అంచుకు రాసుకుని తోలు తెగి బాడీకి తగిలి 40 ఆంపియర్లు పారాయనుకోండి, పెద్ద ఫ్యూజ్‌కు అదొక లెక్కే కాకపోవచ్చు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 40 ఇంటూ 40 ఇంటూ 0.1, అంటే 160 వాట్లు. టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది. అలాంటివి ఆరు వెలిగించి డ్యాష్‌బోర్డ్ వెనక ప్లాస్టిక్ మధ్య పడుకోబెట్టినట్టు! అదే వైరు మొదట్లో 2 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే, మామూలుగా అందులో పారనిచ్చే కరెంటుకు పుట్టే వేడి 0.4 వాట్లు దాటదు. అందుకే ఫ్యూజ్ ఉండాల్సింది కరెంటు తీసుకునే చోటు పక్కనే. కెమెరా దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరంతా అనాథే.

ఈసారి ఫ్యూజ్ బాక్స్‌లోంచే తీశాం. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, పాత ఫ్యూజ్ తీసి దాని స్థానంలో ఇది గుచ్చితే పాతదానికొక గూడు, కొత్తదానికొక గూడు ఉంటాయి. తిప్పి గుచ్చినా పని చేస్తుంది, అదే దీంతో వచ్చిన చిక్కు, అప్పుడు కొత్త లోడు కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతుంది. కరెంటొచ్చే కాలు ఏదో మీటర్‌తో ముందే చూసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజ్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. మేము సాకెట్ ఫ్యూజ్ ఎంచుకున్నాం, నీలం రంగుది, 15 ఆంపియర్లు. మా కారులో తాళం తిప్పితేనే దానికి కరెంటు.

కారు ఆగి ఉన్నా రికార్డు కావాలంటే ఎప్పుడూ కరెంటుండే లైన్ ఇంకోటి కావాలి, దాంతోపాటు వోల్టేజీ తగ్గితే తనంతట తానే ఆపేసే కిట్ కావాలి. కట్ అయ్యే వోల్టేజీ ఎంచుకోవచ్చు. పాత బ్యాటరీకి 12కు తక్కువ పెట్టుకోవడం నా ఉద్దేశంలో కోరి తెచ్చుకున్న టెన్షన్.

ఎర్త్, అంటే కెమెరా రెండో వైరును కారు బాడీకి కలిపే మాటకొస్తే, బోల్టు కింద రంగుంటే కరెంటు పోదు. పాత బోల్టు విప్పి, తెల్లటి లోహం కనిపించేదాకా గీకి, రింగు టెర్మినల్ బిగించాం. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క కిటికీల మీదికి తెరలా విచ్చుకునేది) ఉన్న కార్లలో వైరు బ్యాగ్ వెనక నుంచి పోవాలి, ముందు నుంచి పోతే బ్యాగ్ విచ్చుకునే దారికి అడ్డం. మనూర్లో మే నెల ఎండకు మూసి పెట్టిన కారు ఎలా కాలుతుందో తెలిసిందే కదా, కెమెరా కూడా లిథియం బ్యాటరీది కాకుండా కెపాసిటర్‌ది కొనుక్కుంటే మేలు.

కెమెరా కోసం 12ను 5 వోల్టులు చేసే డబ్బా మాత్రం ముచ్చటైన వస్తువు. పాత పద్ధతి రెగ్యులేటర్ మిగిలిన 7 వోల్టులనూ వేడిగా పారబోసేది, సగానికి పైగా దండగ. ఇది అలా కాదు, మేడ మీది ట్యాంకుకు మోటారు వేస్తూ ఆపుతూ నీళ్లు ఒకే మట్టంలో ఉంచినట్టు, కరెంటును సెకనుకు లక్షల సార్లు కలుపుతూ తెంచుతూ ఉంటుంది, మధ్యలో కాయిల్, కెపాసిటర్ ఆ కుదుపులను చదును చేస్తాయి. కలిపి ఉంచే సమయం దాదాపు 42 శాతం, అంటే 12లో 5 వంతు. కాకపోతే ఆ కలపడం తెంచడమే రేడియో తరంగమై బయటికొస్తుంది. చవక డబ్బా పెడితే ఆకాశవాణి వరంగల్ పెట్టగానే వార్తల వెనక గరగర. మాదీ అదే రకం, ఇలాంటి గరగరను అణిచే ఫెరైట్ రింగులో వైరు రెండు చుట్లు తిప్పాక చాలావరకు తగ్గింది. కాజీపేట బ్రిడ్జి దాటాక మళ్లీ కొంచెం వినిపిస్తుంది, అమ్మ అయితే రేడియోదే తప్పంటుంది.