ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్లకి ఏం గుర్తుంటుంది? అపోహలు - వాస్తవాలు

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పదిహేనేళ్ల సర్వీసులో మొదటి ఆరేళ్లూ పేషెంటుని వార్డుకి పంపేస్తే మా పని అయిపోయిందనే అనుకున్నాను. ఒకరోజు, డిశ్చార్జి అయిన నెలకి చెకప్‌కి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పన్నెండు రోజులు ఆయనకి మందులు వేసి, ఒళ్లు తుడిచి, పక్కలు మార్చినదాన్ని. ఆయన మాత్రం గబుక్కున వెనక్కి తిరిగి భార్య చెయ్యి పట్టుకున్నారు. ఎందుకో కింద చెప్తాను. (ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.)

అపోహ: మత్తులో ఉన్న మనిషికి ఏమీ వినపడదు, ఏమీ గుర్తుండదు

మత్తు రోజంతా ఒకేలా ఉండదు. మందు తగ్గిస్తాం, పెంచుతాం, పొద్దున కాసేపు ఆపి పేరు పెట్టి పిలిచి చూస్తాం. ఈ మధ్యలో మనిషి మునుగుతూ తేలుతూ ఉంటారు. కళ్లు మూసుకునే ఉన్నా చెవులు పనిచేస్తూ ఉండొచ్చు.

కోలుకున్నాక అడిగితే నొప్పి గురించే చెప్తారని చాలామంది అనుకుంటారు. నేను ఎక్కువసార్లు విన్నది దాహం గురించి. నోట్లో గొట్టం ఉంటే నోరు మూతపడదు, నాలుక అట్టకట్టినట్టు ఎండిపోతుంది. తడి గాజుగుడ్డతో పెదాలు తుడుస్తుంటే ఆ కాస్త తడి కోసం గుడ్డని పళ్లతో గట్టిగా పట్టేసుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత చెప్పేవి మాట రాకపోవడం, సక్షన్ (గొట్టంలోంచి కఫం లాగడం) చేస్తున్నప్పుడు ప్రాణం పోయినట్టు అనిపించడం, రాత్రో పగలో తెలియకపోవడం.

మేం అనే మాటలూ గుర్తుంటాయి. "సాయంత్రానికి బెడ్ ఖాళీ అవుతుంది" అని ఒకసారి మంచం పక్కన నిలబడి ఫోన్లో చెప్పాను. నేను చెప్పింది పక్క బెడ్ గురించి, ఆ పేషెంటు వార్డుకి మారుతున్నారు. నా ముందు పడుకుని ఉన్నావిడ మాత్రం సాయంత్రం దాకా చావు కోసం ఎదురుచూశారట. అప్పటినుంచి ఫోన్ వస్తే బయటికెళ్లి మాట్లాడతాను.

అపోహ: వాళ్లు చెప్పే వింతలన్నీ కట్టుకథలు

ఆ పెద్దాయనని ఎలాగోలా కూర్చోబెట్టాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పడవ ఎక్కడుంది?" అని.

తనని పడవలో కట్టేశారట. రాత్రంతా కింద నీళ్లు బుడబుడమనేవట, పడవ అటూ ఇటూ ఒరిగేదట. ఒకామె వచ్చి మెడకి తాడు బిగించేదట, ఇంకొకరు తల కదలకుండా పట్టుకునేవారట. ఆ ఒకామెని నేనే.

"అదంతా మీ భ్రమండీ" అనబోయి ఆగాను. లోపల ఒక బెడ్ ఖాళీగా ఉంటే ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లి, ఎయిర్ బెడ్ మోటారు ఆన్ చేసి చెయ్యి ఆనించమన్నాను. ఒంటికి పుండ్లు పడకుండా ఆ పరుపు గదుల్లో గాలి కొన్ని నిమిషాలకోసారి మారుతూ ఉంటుంది. ఆయన అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. కాసేపటికి ఒక పక్క మెల్లగా ఉబ్బింది, పక్కది దిగింది. "ఇదే," అన్నారు. ఛాతీలో పెట్టిన గొట్టం కింద బాటిల్లోకి వెళ్లేదని, అందులో బుడగలు వచ్చేవని చెప్పాను. తాడు సంగతి మిగిలింది. నోట్లో గొట్టం జారిపోకుండా మెడ చుట్టూ టేపు కడతాం. అది తడిసిపోతుంది కాబట్టి మారుస్తూ ఉండాలి. మార్చేటప్పుడు గొట్టం ఊడిరాకుండా ఇంకొకరు పట్టుకోవాలి. కొత్త టేపు ముక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. వేలికి చుట్టుకుని చూశారు. ఏమీ అనలేదు.

దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, నిద్ర లేకపోవడం, మిడజోలం లాంటి మత్తుమందులు, ఇలా ఎన్నో కలిసి మెదడుని అతలాకుతలం చేస్తాయి. బుడగల చప్పుడు నిజంగానే వచ్చింది, మంచం నిజంగానే కదిలింది. ఎక్కడున్నాడో తెలియని మనిషి మెదడు వాటితో ఒక కథ అల్లుకుంది. ఎంత గుండెధైర్యం ఉన్నవాళ్లకైనా రావచ్చు, కాబట్టి "మనసు బలహీనం" అనే మాట దయచేసి అనకండి.

అపోహ: డెలీరియం అంటే గొట్టాలు పీకేసుకుని గొడవ చేయడం

గొడవ చేసేవాళ్లు అందరి కంటా పడతారు. కిక్కురుమనకుండా పైకప్పు చూస్తూ పడుకున్నవాళ్ల డెలీరియమే ఎక్కువగా మా చెయ్యి జారిపోతుంది. "ఈయన చాలా బుద్ధిమంతులు, ఏ ఇబ్బందీ పెట్టరు" అని షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పుకుంటాం కూడా. డెలీరియం ఉందో లేదో కనిపెట్టడానికి 2001లో వచ్చిన కామ్-ఐసీయూ అనే పరీక్షలో పది అక్షరాలు వరసగా చదివి, ఒక అక్షరం వినపడ్డప్పుడల్లా చెయ్యి నొక్కమంటాం. రెండుకి మించి తప్పులొస్తే ధ్యాస నిలవట్లేదని గుర్తు. నిమిషాల్లో అయ్యే పని. పని ఎక్కువైన షిఫ్టులో ముందు ఎగరగొట్టేదీ దీన్నే, ఒప్పుకోవాలి.

అపోహ: ఏమీ గుర్తులేకపోతే అదృష్టమే, గట్టిగా మత్తిస్తే సరి

"ఇంకొంచెం మత్తివ్వండి సిస్టర్, బాధ తెలియకుండా ఉంటుంది" అని ఇంట్లోవాళ్లు బతిమాలతారు. ప్రేమకొద్దీ అడిగేదే. కానీ ఈ మందులు జరిగినవి మెదడులో నమోదు కాకుండా చేస్తాయి తప్ప పీడకలల్ని ఆపవు. 2001లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, నిజమైన జ్ఞాపకం ఒక్కటీ లేకుండా భ్రమలు మాత్రమే గుర్తున్నవాళ్లకే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత అది మనసుని వెంటాడే జబ్బు) లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. జరిగింది కాస్త గుర్తుంటే, అది చేదుదైనా సరే, మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నట్టుంది. రోజూ మత్తు ఆపి మేలుకొలిపితే వెంటిలేటర్ త్వరగా తీయొచ్చని అమెరికాలో 2000లో తేలింది. వాళ్లలో కొందరిని తర్వాత పరీక్షిస్తే మేలుకొలపడం వల్ల మనసుకి అదనంగా దెబ్బ తగిలిన జాడ లేదు. లోతైన మత్తు తప్పనిసరైన పరిస్థితులు వేరే ఉంటాయి, అది డాక్టరు నిర్ణయం.

గుర్తులేకపోవడంతో ఇంట్లో ఇంకో చిక్కు. భార్యకి అవి ఇరవై రోజులు, బిల్లులు, సంతకాలు, కారిడార్‌లో నిద్ర లేని రాత్రులు. భర్తకి అది ఒక్క రాత్రి. "నాకేమైందని ఇంత హడావిడి?" అని ఆయన, "ఎంత నరకం చూశామో నీకేం తెలుసు" అని ఆవిడ.

అపోహ: ఆ సంగతి ఎత్తకపోతే వాళ్లే మర్చిపోతారు

ఎత్తకపోతే లోపలే దాచుకుంటారు, అంతే. పిచ్చి అనుకుంటారేమోనని భయం, చెప్పుకోలేని సిగ్గు. మూత్రానికి గొట్టం వేయడాన్ని తన మీద అఘాయిత్యంగా గుర్తుపెట్టుకుని నెలల తరబడి ఎవరికీ చెప్పనివాళ్లు ఉంటారు. విన్నప్పుడు "అలాంటిదేం జరగలేదు" అని కొట్టిపారేయకండి, "అవును పాపం" అని తలూపకండి. ఏం వినపడింది, ఏం తగిలింది, అప్పుడు దగ్గర ఎవరున్నారు అని నెమ్మదిగా అడగండి. ఇంకో మాట మావాళ్ల కోసం: పేషెంటు ఫిర్యాదుని "డెలీరియంలే" అని చెత్తబుట్టలో వేసే హక్కు మనకి లేదు. నిజంగా జరిగిందేమో ప్రతిసారీ విచారించాల్సిందే.

అపోహ: డైరీ రాస్తే అన్నీ సర్దుకుంటాయి

పేషెంటు తరఫున నర్సులు, ఇంట్లోవాళ్లు రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టే పద్ధతి 1980ల్లో స్కాండినేవియా దేశాల్లో మొదలైంది. 2010లో ఆరు యూరప్ దేశాల్లో చేసిన అధ్యయనంలో డైరీ అందినవాళ్లలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చింది 5 శాతానికి, అప్పటికి అందనివాళ్లలో 13 శాతానికి. 2019లో ఫ్రాన్స్‌లో ఇంకా పెద్ద అధ్యయనం చేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మందులా పనిచేస్తుందని నేను చెప్పను. అయినా రాయమనే అంటాను, పేషెంట్లు అడిగే ప్రశ్నలకి జవాబులు అందులో దొరుకుతాయి కనుక. కవిత్వం అక్కర్లేదు. "మంగళవారం. ఈ రోజు గొట్టం తీశారు. మొదటి మాట 'నీళ్లు'. కిటికీ పక్క బెడ్‌కి మార్చారు" అని రాస్తే చాలు. ఇచ్చాక చదవమని వెంటపడకండి, ఎప్పుడు తెరవాలో వాళ్ల ఇష్టం.

అపోహ: ఇల్లు చేరితే మామూలు మనిషి అయిపోయినట్టే

ఐసీయూ తర్వాత మిగిలే శరీరం, మనసు, ఆలోచనల ఇబ్బందులన్నిటికీ కలిపి 2012 నుంచి పిక్స్ అనే పేరుంది. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మూడు నెలలకి పరీక్షించినవాళ్లలో 40 శాతం మందికి జ్ఞాపకం, ధ్యాస లాంటి వాటిలో మార్కులు తలకి ఓ మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలోనే వచ్చాయి. వయసులో ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. లెక్కలు తప్పడం, చదివింది నిలవకపోవడం కనిపిస్తే బద్ధకం అనుకోవద్దు. పీడకలలు, చిన్న బీప్ వినపడితే ఉలిక్కిపడటం, ఆసుపత్రి పేరెత్తితే తప్పించుకోవడం నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకి చూపించండి.

ఆ పెద్దాయనకి పడవ కల రావడం ఆగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు చెకప్‌కి వస్తే నాతో బాగానే మాట్లాడతారు. మాట్లాడుతున్నంతసేపూ నా చేతులవైపే చూస్తుంటారు.