నారింజ నక్షత్రానికి గ్రహణం: డాబా మీది టెలిస్కోపుకు అందే దూరపు గ్రహం

వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని ఇంటి డాబా మీద నుంచి పట్టుకోగలమా? ఆకాశం చూసే అలవాటున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. గ్రహం కంటికి కనబడదు గానీ, అది అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగును కొలవచ్చు. ఆ పని హెచ్‌డి 189733 అనే నక్షత్రంతో మొదలుపెట్టడం మేలు.

వల్పెక్యులా నక్షత్ర మండలంలో, డంబెల్ నెబ్యులా అనే వాయుమేఘాన్ని ఆనుకున్నట్టు కనిపిస్తూ, దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉందీ నారింజ మరుగుజ్జు నక్షత్రం. ఉపరితలం వేడి సుమారు 5,000 కెల్విన్లు. గురుడికంటే కాస్త పెద్దదైన దాని గ్రహం 2005లో బయటపడింది. అది ఒక చుట్టు తిరగడానికి 2 రోజుల 5 గంటల 15 నిమిషాలు పడుతుంది.

అసలు సంగతంతా నక్షత్రం సైజులోనే ఉంది. దీని వ్యాసం సూర్యుడి వ్యాసంలో దాదాపు ముప్పావు వంతు. నక్షత్రాన్ని మీటరు వెడల్పు పళ్లెం అనుకుంటే గ్రహం 15.6 సెంటీమీటర్ల గిన్నె. ఆ గిన్నె పళ్లెంలో సుమారు 41వ వంతు కప్పుతుంది, అంటే 2.4 శాతం వెలుగు తగ్గుతుంది. అదే గ్రహం సూర్యుడికి అడ్డొస్తే కప్పేది 73వ వంతే. 2012 జూన్ 6న సూర్యబింబం మీదుగా నడిచిన శుక్రుడు కప్పింది వెయ్యో వంతు కూడా కాదు. గ్రహణం పట్టిందని వండిన అన్నం పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గ్రహణమంటే ఏది దేన్ని ఎంత వంతు కప్పిందన్న లెక్క అని బడిలో ఇలా పళ్లెం, గిన్నె పెట్టి చూపిస్తే ఆ భయం నిలవదు.

8 అంగుళాల టెలిస్కోపు, సీసీడీ లేదా సీమాస్ కెమెరా, ఎర్ర ఫిల్టరు చాలు. నక్షత్రం ప్రకాశ తరగతి (మాగ్నిట్యూడ్) 7.7. ఫోకస్ సరిగ్గా పెడితే పిక్సెళ్లు నిండిపోయి కొలత పాడవుతుంది. కావాలనే ఫోకస్ కాస్త తప్పించాలి. అద్దం టెలిస్కోపులో అప్పుడు నక్షత్రం నడుమ చిల్లున్న గారెలా కనిపిస్తుంది. వెలుగు వందల పిక్సెళ్లకు పరుచుకుంటుంది, ఎక్స్‌పోజర్ పెంచే వీలొస్తుంది, గాలి మినుకులు సగటులో కలిసిపోతాయి. గైడింగ్ (టెలిస్కోపు నక్షత్రాన్ని వెంబడించడం) తప్పి నక్షత్రం పిక్సెళ్ల మీద జారితే మాత్రం సెన్సర్ మీది దుమ్ము మచ్చే గ్రహణంలా నటిస్తుంది. ఫ్లాట్ ఫ్రేములు, అంటే దుమ్ము మచ్చలను లెక్కలోంచి తీసేయడానికి సమంగా వెలిగే తలాన్ని తీసే ఫొటోలు, తీయకుండా ఈ పని పెట్టుకోవద్దు.

పోల్చే నక్షత్రం కూడా నారింజదై ఉండాలి. నీలి వెలుగును గాలి ఎక్కువగా చెదరగొడుతుంది. నీలి నక్షత్రంతో పోలిస్తే, రెండూ పడమటికి వాలేకొద్దీ వెలుగు హెచ్చుతగ్గులను చూపే మన గ్రాఫు గీత తనంతట తానే పైకి లేస్తుంది.

గ్రహణం మొత్తం గంటా యాభై నిమిషాలు. గ్రహం అంచు దాటి పూర్తిగా లోపలికి రావడానికే సుమారు 25 నిమిషాలు పడుతుంది కాబట్టి గీత నిటారుగా పడదు, నెమ్మదిగా వంగుతుంది. ముందో గంట, తర్వాతో గంట కలిపి నాలుగు గంటలు కెమెరా నడవాలి. హైదరాబాదులో ఇది నడినెత్తికి 5 డిగ్రీల ఉత్తరంగా దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునా, అక్టోబరులో పొద్దుపోగానే అనుకూలం. 9 చుట్లకు పట్టేది 20 రోజులకు 47 నిమిషాలు తక్కువ. ఈ రాత్రి 10 గంటలకు మబ్బు పట్టి పోయిన గ్రహణం 20 రోజుల తర్వాత 9 గంటల 13 నిమిషాలకు మళ్లీ వస్తుంది.

ఈ నక్షత్రం నిండా మచ్చలు. సుమారు 12 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతూ ఒకటి రెండు శాతం మసకబారి తేరుకుంటుంది. గ్రహం ఒక మచ్చ మీదుగా వెళితే గ్రహణం మధ్యలో వెలుగు చిన్న బుడిపెలా లేస్తుంది. దారికి పక్కనున్న మచ్చలు ఇంకా మోసకారివి: మొత్తం వెలుగు తగ్గి, గ్రహం కప్పే చోటు మాత్రం కాంతిగానే ఉండడంతో గ్రహం ఉన్నదానికంటే పెద్దదిగా తేలుతుంది. నీలి రంగులో ఈ తప్పు మరీ ఎక్కువ. గ్రహపు వాతావరణంలో పొగమంచు ఉన్నా సరిగ్గా ఇలాగే కనబడుతుంది. అందుకే ఇక్కడ ఒక్క రాత్రి కొలతతో గ్రహణం లోతు, అంటే ఎంత వెలుగు తగ్గిందో, తేల్చకూడదు. ఒకే ఫిల్టరుతో నాలుగైదు గ్రహణాలు తీసి, బుడిపె ఉన్న భాగాన్ని పక్కన పెట్టి సగటు కట్టాలి.